పాలమూరు నుంచి నల్లమలకు ఒక్క రోజు: మిత్రులతో తలకు వెయ్యి లోపు

ఊటీకి వెళ్దామని వాట్సాప్ గ్రూపులో మొదలైన మాట నెలల తరబడి నలిగి, ఒకరికి సెలవు దొరక్క, ఇంకొకరికి డబ్బు సర్దుబాటు కాక అక్కడే చల్లారిపోవడం దాదాపు ప్రతి మిత్ర బృందానికీ అనుభవమే. మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, నల్లగొండ, దేవరకొండ వైపు వాళ్లకు చల్లటి కొండగాలి కోసం అంత దూరం పోవలసిన అవసరం లేదు. అచ్చంపేట దాటగానే నల్లమల మొదలవుతుంది. రంగాపూర్ దగ్గర కొండ మీదున్న ఉమామహేశ్వరానికి పేదల ఊటీ అన్న పేరు ఉండనే ఉంది. తెల్లవారుజామున బయలుదేరి రాత్రి భోజనం వేళకు ఇల్లు చేరవచ్చు.

ఈ యాత్రను పాడుచేసేది దూరం కాదు, ఖర్చూ కాదు, ఆశ. ఉమామహేశ్వరం, ఫరహాబాద్ అడవి సఫారీ, మల్లెల తీర్థం జలపాతం, శ్రీశైలం దర్శనం, డ్యాం, బోటు అంటూ అన్నీ ఒకే రోజులో ఇరికించాలని చూస్తారు. అప్పుడు రోజంతా చూసేది ముందున్న లారీ వెనుక భాగమే. ఒక రోజుకు రెండు చోట్లు చాలు. ఉదయం ఉమామహేశ్వరం, మధ్యాహ్నం మల్లెల తీర్థం అన్నది నా సలహా. శ్రీశైలాన్ని ఇందులో కలపవద్దు. సెలవు రోజున దర్శనం క్యూలో ఎంతసేపు నిలబడాలో ముందుగా ఎవరూ చెప్పలేరు, దాని కోసం వేరే రోజు పెట్టుకోవాలి. సొంత బండి లేక బస్సులో వెళ్లేవారి సంగతి వేరు. వారికి శ్రీశైలమే అనుకూలం, ఆ వివరం చివర్లో చెబుతాను.

ఏ నెలలో వెళ్లాలి

నల్లమల ఆకురాల్చే అడవి. మార్చి వచ్చేసరికి చెట్లు మోడువారతాయి, రాయి కాలుతుంది, మల్లెల తీర్థంలో ధార సన్నబడుతుంది. వేసవి సెలవులు కదా అని ఏప్రిల్‌లో వెళ్లి చల్లదనం కోసం వెతికితే దొరకదు. జులై చివరి నుంచి అడవి పచ్చబడుతుంది, జలపాతంలో నీరుంటుంది, కానీ మెట్లు జారుతాయి, వాన ఎప్పుడు పట్టుకుంటుందో తెలియదు. అక్టోబరు నుంచి జనవరి వరకు అన్నివిధాలా మంచి కాలం. నీరు ఇంకా ఉంటుంది, పొద్దున పూట పొగమంచు ఉంటుంది, దారి పక్కన సీతాఫలాలు అమ్మే రోజులు కూడా మొదట్లో కలిసి వస్తాయి. పులుల అభయారణ్యాల్లో సఫారీలను సాధారణంగా జులై నుంచి సెప్టెంబరు వరకు ఆపేస్తారు. కాబట్టి ఫరహాబాద్ మీద మనసున్నవాళ్లు అక్టోబరు దాకా ఆగాలి.

కొన్ని రోజులను మాత్రం క్యాలెండర్ చూసి తప్పించండి. సంక్రాంతి నుంచి ఉమామహేశ్వరంలో బ్రహ్మోత్సవాలు జరుగుతాయి. మహాశివరాత్రి ముందు రోజుల్లో శ్రీశైలం దారి నిండా కాలినడక భక్తులే ఉంటారు. ఉగాదికి కన్నడ భక్తులు వేలాదిగా వస్తారు. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతర ఉంటుంది. ఇవన్నీ చూడదగినవే, కానీ ప్రశాంతంగా కొండగాలి పీల్చుకుందామని వెళ్లేవారికి పనికొచ్చే రోజులు కావు. శ్రీశైలం డ్యాం గేట్లు ఎత్తారన్న వార్త వచ్చిన తర్వాతి ఆదివారం అసలే వద్దు. డ్యాం దగ్గర నిలిచిన బండ్ల వరుస ఘాట్ మలుపుల పైదాకా పాకుతుంది. వీలైతే మామూలు పనిదినం ఎంచుకోండి, కుదరకపోతే శనివారం.

ఎంతమంది, ఏ బండి

కారులో ఐదుగురు సరైన సంఖ్య. ఎనిమిది మంది అయితే రెండు బండ్లు కావాలి. రెండు బండ్లు అనగానే ఒకటి ముందు పోవడం, ఇంకొకటి టీ కోసం ఆగడం, ఫోన్లు కలవక ఒకరి కోసం ఒకరు ఎదురుచూడడం మొదలవుతాయి. తప్పనిసరి అయితే ముందే కలిసే చోట్లు మూడు అనుకోండి: అచ్చంపేట బస్టాండు, మన్ననూరు చెక్‌పోస్టు, వటవర్లపల్లి. ఈ మూడు తప్ప మధ్యలో ఎవరూ ఎవరి కోసమూ ఆగనక్కర్లేదు.

మోటారు సైకిళ్ల మీద వెళ్లాలనే ఉబలాటం కుర్రవాళ్లకు సహజం. వెళ్లవచ్చు. అయితే మహబూబ్‌నగర్ నుంచి రానూపోనూ మూడు వందల కిలోమీటర్ల పైమాట, అందులో ఘాట్ మలుపులు, అడ్డం వచ్చే కోతులు, అడవి జంతువులు ఉంటాయి. తిరుగు దారిలో అలసట తెలుస్తుంది. నాగర్‌కర్నూల్, అచ్చంపేట, కల్వకుర్తి వాళ్లకైతే బైకు బాగానే సరిపోతుంది.

ఖర్చు లెక్క

మహబూబ్‌నగర్ నుంచి కారులో రానూపోనూ సుమారు 320 కిలోమీటర్లు అనుకుందాం. లీటరుకు 16 కిలోమీటర్లు ఇచ్చే బండికి 20 లీటర్ల పెట్రోలు. లీటరు 108 రూపాయల చొప్పున వేస్తే 2,160. ఇక్కడ ఒక మర్యాద ఉంది. బండి ఇచ్చిన మనిషి పేరు పెట్రోలు లెక్కలో రాయకూడదు. టైరు అరిగేది అతనిదే, రాత్రి కడుక్కునేదీ అతనే. మిగిలిన నలుగురికి తలకు 540 పడుతుంది. పొద్దున టిఫిను, రెండు టీలకు 120, అటవీ శాఖ ప్రవేశ రుసుము, పార్కింగ్ వంటివాటికి 100, సాయంత్రం చిరుతిండికి 80, అనుకోని ఖర్చుకు మరో 100 పక్కన పెట్టండి. మొత్తం 940. మధ్యాహ్న భోజనం ఇంటి నుంచే తీసుకెళ్తేనే ఈ లెక్క నిలుస్తుంది. హోటల్లో తినాలనుకుంటే తలకు ఇంకో రెండు వందలు కలుపుకోండి. ఆ సొమ్ముకు అడవి మధ్యలో ఏ పూట ఏం దొరుకుతుందన్నది మాత్రం మీ అదృష్టం.

సఫారీ కావాలంటే ఈ లెక్క మారుతుంది. ఫరహాబాద్ లోపలికి అటవీ శాఖ వాహనంలోనే వెళ్లాలి, రుసుము బండికి ఉంటుంది కాబట్టి ఎంత మంది ఎక్కితే అంత తేలిక. కానీ సఫారీ పెట్టుకుంటే మల్లెల తీర్థం వదులుకోవాలి. పులి కనిపిస్తుందన్న భరోసా ఎవరూ ఇవ్వరు. నీళ్లు కనిపిస్తాయన్న భరోసా నేనివ్వగలను, అక్టోబరులో అయితే.

ముందు రోజు రాత్రే ఒకరి చేతికి తలా వెయ్యి ఇచ్చేయండి. రోజంతా ఖర్చు పెట్టేది ఆ ఒక్కరే. అది నగదుగానే ఉండాలి, అందులో పది, ఇరవై, యాభై నోట్లు ఎక్కువ ఉండాలి. మన్ననూరు దాటాక చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు. టికెట్ ఇచ్చేవాడి ముందు ఐదుగురూ ఫోన్లు ఆకాశానికెత్తి నిలబడే దృశ్యం అక్కడ రోజూ కనిపించేదే.

సంచిలో ఏముండాలి

పులిహోర, పెరుగన్నం, జొన్న రొట్టెలు, పల్లీల పొడి, రెండు ఉల్లిగడ్డలు. రొట్టెలు ముందు రాత్రి చేసినవైనా ఫరవాలేదు. చారు, సాంబారు లాంటి ఒలికే వంటకాలు వద్దు. ఘాట్ మలుపుల్లో డిక్కీ అంతా వాసనే. పెరుగన్నంలో పాలు ఎక్కువ పోసి కలిపితే మధ్యాహ్నానికి పులవకుండా ఉంటుంది.

అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌పై నిషేధం ఉంది. కాబట్టి నీళ్ల సీసాలు కొనుక్కుందామనే ఆలోచన మానండి. ఇంట్లో ఉన్న స్టీలు సీసాలు, ఒక పెద్ద క్యాను తెచ్చుకోండి. గిన్నెలు కూడా స్టీలువే. తిన్నాక విస్తరాకులు, తొక్కలు వేయడానికి ఒక గుడ్డ సంచి ఉంచుకుని వెనక్కి తెచ్చేయండి.

మిగతావి చిన్నవే. జారని చెప్పులు లేదా బూట్లు, ఒక జత బట్టలు, తువాలు, వాంతులు అయ్యేవారికి మాత్ర, చీకటి పడితే టార్చి. దారి పటాన్ని ఫోనులో ముందే దించుకోండి. పెట్రోలు అచ్చంపేటలో కానీ హాజీపూర్ దగ్గర కానీ నింపుకోండి, అడవిలో బంకు కోసం వెతికే పరిస్థితి తెచ్చుకోకండి.

బయలుదేరడం

ఐదు గంటలు అనుకుంటే ఐదున్నరకు కదులుతారు, కాబట్టి నాలుగున్నర అని చెప్పండి. మహబూబ్‌నగర్ నుంచి బిజినేపల్లి, నాగర్‌కర్నూల్ మీదుగా అచ్చంపేట చేరడం సులువు. జడ్చర్ల, కల్వకుర్తి మీదుగా వెళ్లి హైదరాబాద్-శ్రీశైలం జాతీయ రహదారి 765 ఎక్కే దారి కూడా ఉంది, ఆ దారిలో డిండి వస్తుంది. నల్లగొండ వాళ్లు దేవరకొండ మీదుగా డిండికే వస్తారు. డిండి చెరువు గట్టు దగ్గర పొద్దున్నే పది నిమిషాలు ఆగడం దండగ కాదు. నీళ్ల మీద ఇంకా ఎండ పడని వేళ అది. హాజీపూర్ చౌరస్తా దగ్గర అచ్చంపేట దారి రహదారిలో కలుస్తుంది.

టిఫిను అచ్చంపేటలోనే ముగించండి. ఇడ్లీ, వడ, దోశ ఏదైనా సరే, పూరీ మాత్రం వద్దు. ఘాట్ రోడ్డుకు, నూనెకు పడదు.

ఉమామహేశ్వరం

అచ్చంపేట నుంచి రంగాపూర్ మీదుగా పదిహేను కిలోమీటర్ల లోపే. కొండ కింద భోగమహేశ్వరం గుడి ఉంటుంది, అక్కడి నుంచి ఘాట్ దారి పైకెక్కుతుంది. శ్రీశైల క్షేత్రానికి తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమర అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం ద్వారాలని ప్రసిద్ధి. గుడి చరిత్ర అడిగితే పూజారులు ఓపికగా చెబుతారు.

మన బృందానికి కావలసింది ఆ కొండ వాలు. గుడి ఉన్నది బయటకు పొడుచుకొచ్చిన భారీ రాతి కప్పు కింద. బండి నిలిపిన చోటు నుంచి ఆ రాతి అంచు కిందుగా నడవాలి. ఒకవైపు నిలువెత్తు గోడలా రాయి, ఇంకోవైపు లోయ. రాతి నీడ వల్ల దారిలో చాలా భాగానికి ఎండ తగలదు, చేయి ఆనించి చూస్తే పదిగంటలకు కూడా రాయి చల్లగా, కాస్త చెమ్మగా తగులుతుంది. గుడి పక్కన పాపనాశనం దగ్గర రాతి సందుల్లోంచి నీటి బొట్లు ఒక్కొక్కటిగా రాలుతుంటాయి. భక్తులు దోసిలి పట్టి ఓపికగా నిలబడతారు. ఆ వరుసలో తోసుకోకుండా మీ వంతు వచ్చేదాకా ఆగండి.

ఇక్కడ కోతులదే రాజ్యం. చేతిలో కొబ్బరి చిప్ప, అరటిపండు కనిపిస్తే అవి అడిగి తీసుకోవు. కవరు గరగరమన్న శబ్దానికే తలలు తిరుగుతాయి. తిండి సంచి కారులోనే ఉంచి అద్దాలు పూర్తిగా ఎత్తండి, కళ్లజోడు పెట్టుకున్నవాళ్లు ఒక చేయి దాని మీదే ఉంచండి. వాటికి తిండి పెట్టడం మాత్రం పుణ్యం అనుకోకండి. అలా పెట్టిపెట్టే దారి పక్కన కోతులు బండ్ల కింద పడుతున్నాయి.

గంటన్నర సరిపోతుంది. తొమ్మిదిన్నరకు కొండ దిగితే రోజు మీ చేతిలో ఉన్నట్టే.

మన్ననూరు చెక్‌పోస్టు

హాజీపూర్ దాటి అడవిలోకి ప్రవేశించేది ఇక్కడే. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు ఈ గేటు మూసేస్తారు. ఈ ఒక్క సంగతి బృందంలో అందరికీ తెలిసి ఉండాలి. అటువైపు ఉండగా తొమ్మిది దాటితే తెల్లవారేదాకా అక్కడే. అంబులెన్సు లాంటి అత్యవసరాలకు తప్ప మినహాయింపు ఆశించకండి.

మన్ననూరు నుంచి ఘాట్ ఎక్కగానే గాలి మారుతుంది. ఏసీ ఆపి అద్దాలు దించండి. ఇది అమ్రాబాద్ పీఠభూమి. 2014లో రాష్ట్ర విభజన తర్వాత, నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలో తెలంగాణ వైపున్న భాగం అమ్రాబాద్ పులుల అభయారణ్యంగా వేరుపడింది. విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు. వేగ పరిమితి బోర్డులు ఊరికే పెట్టినవి కావు. హారన్ మోగించకండి, పాటల శబ్దం తగ్గించండి, ఫొటో కోసం మలుపులో బండి ఆపకండి. దారి పక్కన కనిపించే చెంచు పెంటలు, అంటే చెంచుల గూడేలు, ప్రదర్శనశాలలు కావు. ఆ ఇళ్ల ముందు నిలబడి ఫోన్లు పైకెత్తడం మర్యాద కాదు. తేనె కావాలంటే గిరిజన సహకార సంస్థ దుకాణంలో కొనండి, దారిపక్క అమ్మే సీసాల్లో బెల్లం పాకం ఉన్నా ఆశ్చర్యం లేదు.

మల్లెల తీర్థం

రహదారి మీద వటవర్లపల్లి దగ్గర పక్కకు తిరగాలి, అక్కడి నుంచి అడవిలోకి ఎనిమిది కిలోమీటర్లు. ఈ దారిలో తొందరపడకండి. రోడ్డు సన్నం, ఎదురొచ్చిన బండికి పక్కకు తప్పుకునే చోటు చూసుకుంటూ వెళ్లాలి.

బండి నిలిపి టికెట్ తీసుకున్నాక మెట్లు మొదలవుతాయి. మూడు వందలకు పైగా ఉంటాయి, అన్నీ కిందికే. దిగేటప్పుడు అందరూ హీరోలే. ఎక్కేటప్పుడే అసలు సంగతి తెలుస్తుంది. మోకాళ్ల నొప్పి ఉన్నవారు, బరువెక్కువ ఉన్నవారు పైనుంచి సగం దాకా దిగి కూర్చున్నా నష్టం లేదు, నీటి హోరు అక్కడికే వినిపిస్తుంది.

అందుకే తినడం విషయంలో ఒక వరుస పాటించండి. పైనే సగం కడుపు తినండి. దిగండి, నీళ్లలో గడపండి, ఎక్కి వచ్చాక మిగతాది తినండి. కడుపు నిండా తిని ఆ మెట్లు ఎక్కినవాడికి తిరుగు దారంతా ఆయాసమే. తాగే నీరు మాత్రం ప్రతి ఒక్కరి దగ్గరా ఒక సీసా ఉండాలి.

కిందికి చేరాక జలపాతం ఒక్కసారిగా కనిపించదు. ముందు చల్లదనం తగులుతుంది, ఆపైన రాళ్ల మధ్య పారే నీరు, చివరికి నాచు పట్టిన నల్లటి రాతి మీదుగా ఎత్తు నుంచి జారే ధార. ధార కింద నిలబడడానికి సిద్ధపడే ముందు పాదం ఆనించే రాయి చూసుకోండి. నీటిలో మునిగిన రాయి మీద నాచు పచ్చగా కాక నల్లగా ఉంటుంది, అది రాయిలాగే కనిపిస్తుంది. కూర్చుని జరుగుతూ వెళ్లడంలో సిగ్గేమీ లేదు. వాన పడుతున్నా, పైన మబ్బు కమ్మి ధార రంగు ఎర్రబడినా వెంటనే బయటికి రండి. ఎగువన కురిసిన వాన ఇక్కడికి మట్టి రంగుతో ముందే కబురు పంపుతుంది. మద్యం ఇక్కడికి తేకండి. ఈ మాట నీతి కోసం చెప్పడం లేదు. తాగినవాడిని మూడు వందల మెట్లు ఎవరు మోస్తారు?

రెండు గంటలు గడిపి, తడి బట్టలు మార్చుకుని, మూడున్నరకల్లా పైకి వచ్చేయండి. చీకటి పడేదాకా ఉండే చోటు కాదిది.

తిరుగు దారి

సమయం మిగిలితే శ్రీశైలం వైపు ఇంకాస్త వెళ్దామన్న ప్రతిపాదన ఇక్కడే వస్తుంది. దోమలపెంట దగ్గర కృష్ణా వెనుక జలాలు కనిపించే ఆక్టోపస్ వ్యూ పాయింట్ ఉంది, బాగుంటుంది కూడా. దాని కోసం ఇంకో రోజు రండి. ఈ పూటకు వెనుదిరగడమే మేలు. సాయంత్రం ఆరు లోపు మన్ననూరు గేటు దాటితే అచ్చంపేటలో వేడి మిర్చి బజ్జీలు, టీ. నడిపినవాడికి రెండో టీ. అక్కడి నుంచి ఇంకొకరు స్టీరింగ్ పట్టుకోవాలి, అది పొద్దున్నే నిర్ణయించుకోండి.

బస్సులో వెళ్లేవాళ్లకు

బస్సు బృందం మల్లెల తీర్థం జోలికి పోవద్దు. వటవర్లపల్లిలో దిగితే లోపలికి ఎనిమిది కిలోమీటర్లకు బండి దొరుకుతుందన్న హామీ లేదు. అచ్చంపేట వరకు బస్సు, అక్కడి నుంచి మాట్లాడుకున్న ఆటోలో ఉమామహేశ్వరం ఒక దారి. ఆటో వెయిటింగుతో సహా ఎంతో ఎక్కే ముందే తేల్చుకోండి. లేదంటే నేరుగా శ్రీశైలం. అచ్చంపేట మీదుగా శ్రీశైలం బస్సులు వెళ్తాయి, దేవరకొండ వైపు నుంచీ ఉంటాయి.

బృందంలో మహిళలుంటే ఖర్చు ఇంకా తగ్గుతుంది. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద తెలంగాణ మహిళలకు పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్ర పరిధిలో ప్రయాణం ఉచితం. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు అసలుది చూపించి జీరో టికెట్ తీసుకోవాలి. శ్రీశైలం ఆంధ్రప్రదేశ్‌లో ఉంది కాబట్టి సరిహద్దు దాటాక టికెట్ కొనాల్సిందే. డీలక్స్, సూపర్ లగ్జరీ ఎక్కితే ఈ సౌకర్యం ఉండదు, బోర్డు చూసి ఎక్కండి.

శ్రీశైలంలో గుడికి వెళ్లాలనుకుంటే దర్శనం ముందు, మిగతాది తర్వాత. గుడి వద్దనుకుంటే పాతాళగంగకు రోప్‌వేలో దిగండి, కింద బోటు ఉంటుంది. డ్యాం చూడాలంటే ఎక్కడికీ వెళ్లనక్కర్లేదు. ఈగలపెంట దాటి మలుపులు దిగేటప్పుడు బస్సు కిటికీలోంచే పూర్తిగా కనిపిస్తుంది. 512 మీటర్ల పొడవు, 145 మీటర్ల ఎత్తు, పన్నెండు గేట్లు. వెళ్లేటప్పుడు ఎటువైపు కూర్చోవాలో కండక్టరును అడగండి, తిరిగొచ్చేటప్పుడు రెండో వైపు.

తిరుగు బస్సు సమయం శ్రీశైలంలో దిగిన వెంటనే అడిగి రాసుకోండి. రాత్రి గేటు మూసే లోపు మన్ననూరు దాటేలా బస్సు ఎంచుకోండి, సాయంత్రం నాలుగు తర్వాత ఆలస్యం చేయకండి. సెలవు రోజున సీటు కోసం అరగంట ముందే బస్టాండులో ఉండాలి. ఐదుగురిలో ఇద్దరు వెళ్లి నిలబడితే చాలు, మిగిలిన ముగ్గురూ లెక్క చూసి మిగిలిన చిల్లర పంచుకోవచ్చు.